కోవూరులో పాల పంచాయితీ

నాకు పాలు లేవని మొట్టమొదట తేల్చింది మా అత్తగారి పక్కింటావిడ. పెరుగు తోడు కోసం వచ్చి గడపలో నిలబడింది. ఉయ్యాల్లో గుక్కపట్టి ఏడుస్తున్న నా కొడుకును ఒకసారి చూసింది. "తల్లికి పాల్లేవు, పాపం" అని మా అత్తగారితో చెప్పి, తోడు తీసుకుని వెళ్లిపోయింది. నా వైపు మాత్రం చూడలేదు. అంత గొప్ప వైద్యురాలికి రోగిని చూడాల్సిన అవసరం ఏముంటుంది? సాయంత్రానికి ఆ మాట వీధి దాటింది, ఆదివారానికి చర్చి మొత్తానికీ తెలిసిపోయింది.

చర్చి అంటే పెద్దదేమీ కాదు. కోవూరులో మా అత్తగారింటిని ఆనుకుని ఉన్న రేకుల షెడ్డు. దానికి మా మామగారు పాస్టరు. వారమంతా వరి పొలం చూసుకుంటారు, ఆదివారం ప్రసంగం చేస్తారు. పొలం పని కన్నా ప్రసంగమే ఎక్కువసేపు సాగుతుందని అనేవాళ్లు ఉన్నారు, నేను అనను. మా అమ్మ చాలా ఏళ్ల కిందటే పోయింది. అందుకని తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లే భాగ్యం నాకు లేకపోయింది. అత్తగారింట్లోనే ముందుగదిలో మంచం వేశారు. ఆరాధన ముగిశాక బాలింతను పలకరించడానికి వచ్చే సంఘమంతటికీ నేను దర్శనానికి అనువుగా ఉండేదాన్ని.

అసలు జరుగుతున్నది ఇది. బిడ్డ రొమ్ము పట్టేవాడు, జారిపోయేవాడు, మళ్లీ పట్టేవాడు. పట్టినప్పుడల్లా నోట్లో టక్కుటక్కుమని చప్పుడు వచ్చేది. ఎంతసేపు తాగినా కడుపు నిండక, అలిసిపోయి నిద్రపోయేవాడు. కాసేపటికే లేచి మళ్లీ ఏడుపు. నా చనుమొనలు పగిలి నెత్తురు వచ్చేది. వాడు ఏడిస్తే నాకు చెమటలు పట్టేవి. కన్నబిడ్డ ఆకలికి భయపడే తల్లి ఉంటుందా అంటే ఉంటుంది, నేను ఉన్నాను. పళ్లు బిగించి, మంచం కోడు పట్టుకుని పాలిచ్చేదాన్ని.

ఈ సంగతి ఎవరికైనా చెబుదామంటే ఆ ఇంట్లో దానికి మాటలు లేవు. రొమ్ము అని ఎవరూ అనరు. "బిడ్డను వేసుకో" అంటారు, "బిడ్డ తాగినాడా" అంటారు. ఎక్కడ వేసుకోవాలో, ఎక్కడ తాగాలో ఆ శరీర భాగం మాత్రం లోకంలో లేనట్టే. లేని దానికి నొప్పి ఎలా వస్తుంది?

మా అత్తగారు మాత్రం నన్ను ఓదార్చింది. ఆమె పద్ధతిలో.

"మా ఇంట్లో ఆడోళ్లకి పాలు రావు మే. నాకూ రాలా. ముగ్గురు పిలకాయల్నీ డబ్బా పాలతోనే సాకినా. బతకలేదా ఏంది?"

మా ఆయన ఆ ముగ్గురిలో రెండోవాడు. ముత్తుకూరులో థర్మల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. బతికిన మాట నిజమే.

డబ్బా కొనే ముందు ఇంకొక ప్రయత్నం చేయాలన్నారు. మా వైపు బాలింతకు పాలు పడాలంటే పాలసొర పెడతారు. మైపాడు నుంచి చేపలు తెచ్చే ఆమెకు కబురు వెళ్లింది. సొరచేపను ఉడికించి, ముళ్లు తీసి, పొడిపొడిగా చేసి, వెల్లుల్లి, మిరియాలు దండిగా వేసి వేయిస్తారు. సొరపుట్టు అంటారు దాన్ని. మొదట్లో చాలా రుచిగా ఉంటుంది. పొద్దున సొరపుట్టు, మధ్యాహ్నం సొరపుట్టు, సాయంత్రం చూడ్డానికి వచ్చినవాళ్లు గిన్నెలో పెట్టి తెచ్చిన సొరపుట్టు. మైపాడు సముద్రంలో నా మీద కోపం లేని సొరచేప ఒక్కటి కూడా మిగిలి ఉండదు.

విచిత్రమేమిటంటే పాలు పడ్డాయి. చేప వల్లనో, దాని పాటికి అదే పడేవో నాకు తెలియదు, బాగానే పడ్డాయి. జాకెట్లు తడిసిపోయేవి, పైన కప్పుకున్న తువ్వాలు తడిసిపోయేది. అలా తడిసిన జాకెట్టుతో మంచం మీద కూర్చుని, నాకు పాలు లేవన్న సంగతి వచ్చినవాళ్ల నోటి నుంచి వింటూ ఉండేదాన్ని. కళ్లతో చూసేదాని కన్నా పక్కింటావిడ మాటకు విలువ ఎక్కువ. ఉన్న పాలు బిడ్డ కడుపులోకి ఎందుకు పోవడం లేదని మాత్రం ఎవరూ అడగలేదు.

టీకాకు తీసుకెళ్లినప్పుడు తూకం వేశారు. బిడ్డ ఇంకా పుట్టినప్పటి బరువుకే చేరుకోలేదు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. ఇంటికొచ్చి వాడి తొడలు పట్టుకుని చూసుకున్నాను, చర్మం వదులుగా చేతికి వచ్చింది. ఏడ్చాను. "ఏడిస్తే ఉన్న పాలు కూడా పోతాయి" అని ఒకావిడ సలహా ఇచ్చింది. లేని పాలు ఎలా పోతాయో ఆమెను అడగాల్సింది.

నాలుక సంగతి బయటపడింది మా మామగారి ప్రార్థనలో. ఆయన బిడ్డను చేతుల్లోకి తీసుకుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. వాడు నోరంతా తెరిచి ఏడుస్తున్నాడు. చుట్టూ నిలబడినవాళ్లలో కళ్లు మూసుకోని ఒకావిడ, ప్రార్థన అయ్యేదాకా కూడా ఆగలేక, "అయ్యగారూ, బిడ్డకి నాలిక అంటుకొని ఉండాది" అంది. ప్రార్థన ఆపి అందరూ చూశారు. నాలుక కింద సన్నని పొర ఒకటి కొన దాకా వచ్చి, నాలుకను కిందికి పట్టి ఉంచింది. ఏడ్చినప్పుడు నాలుక పైకి లేవకుండా కొన దగ్గర మధ్యలో నొక్కుకుపోతోంది.

ఆ రోజుతో నా పాల మీద చర్చ ఆగిపోయింది. వాడి మాటల మీద మొదలైంది.

"నత్తి వస్తుంది" అన్నారు. "ర పలకదు" అన్నారు. వస కొమ్ము అరగదీసి నాకించమని ఒకరు, వస పోస్తే మాటలు వస్తాయి గానీ నరం తెగదని ఇంకొకరు. మా మామగారి ముఖం వాడిపోయింది. తన తర్వాత ఆ రేకుల షెడ్డులో మనవడు నిలబడి ప్రసంగిస్తాడని, వాడు నా కడుపులో ఉన్నప్పుడే ఆయన తీర్మానం చేసి పెట్టుకున్నారు. ఇంకా మెడ నిలపని బిడ్డకు ప్రసంగం వస్తుందా రాదా అని పెద్దలందరూ దిగులు పడ్డారు. వాడు ఆ పూట పాలు తాగాడా లేదా అన్నది చిన్న విషయం. ఆ నాలుకకూ ఆ ఆకలికీ ఏమైనా సంబంధం ఉందేమో అని ఒక్కరికీ తట్టలేదు. నిజం చెప్పాలంటే నాకూ తట్టలేదు.

ఆ ఆదివారం మా మామగారు మనవడి నాలుకను ప్రార్థన మనవిగా చర్చిలో ప్రకటించారు. మా దగ్గర దానికో పద్ధతి ఉంది. మనవి ప్రకటిస్తే సంఘమంతా ప్రార్థిస్తుంది. మేలు జరిగాక మనవి పెట్టినవాళ్లు లేచి నిలబడి, అందరి ముందు సాక్ష్యం చెప్పాలి. పాస్టరు ఇంటి మనవికి సాక్ష్యం లేకపోతే ఎంత నగుబాటు? అలా నా కొడుకు నాలుక సంఘం ఆస్తి అయింది. దారిన పోయేవాళ్లు కూడా లోపలికొచ్చి, వాడి గడ్డం పట్టుకుని, నోరు తెరిచి, పొర పలచబడిందేమో చూసి పోయేవాళ్లు.

మా ఆయన సాయం ఇంకో రకం. షిఫ్టు మధ్యలో ఖాళీ దొరికితే ఫోనులో వీడియోలు చూసి నాకు పంపేవాడు. ఒకటి కోయమంటుంది, ఇంకొకటి కోస్తే కొంప మునుగుతుందంటుంది. రెండూ పంపి, "చూసి చెప్పు" అనేవాడు. చివరికి తోటి ఉద్యోగి చెప్పాడని నెల్లూరులో ఒక పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

ఆ డాక్టరు వేలు పెట్టి నాలుక ఎత్తాడు. "ఇది లేజరుతో తీసేద్దాం" అన్నాడు. పై పెదవి ఎత్తి, "ఇక్కడ కూడా ఉంది" అన్నాడు. బుగ్గ లాగి, "ఇక్కడ కూడా" అన్నాడు. ఇంకాసేపు ఉంటే చెవులు కూడా ఎక్కడో అంటుకుని ఉన్నాయని కనిపెట్టేవాడేమో. ఇవన్నీ ఈ రోజే తీయకపోతే మాట సరిగా రాదట, పళ్లు వంకర వస్తాయట, పెద్దయ్యాక గురక కూడా వస్తుందట. బిడ్డ పాలు ఎలా తాగుతున్నాడని అడగలేదు. మా ఆయన సంతకం పెట్టడానికి పెన్ను కూడా తీశాడు. బిడ్డను నేను చంకనేసుకుని, "ఆలోచించుకుని వస్తాం" అని లేచాను. ధైర్యం ఏమీ కాదు, అన్ని చోట్ల కాలుస్తారంటే భయమేసింది.

ఇంటికొచ్చాక మా మామగారు ఊపిరి పీల్చుకున్నారు. ఆయన భయం వేరు.

"దేవుని సన్నిధిలో పెట్టినాక మనం కత్తెర పట్టుకుంటే ఎట్టమ్మా? రేపు సాక్ష్యం ఏమని చెప్పేది? ఫలానా డాక్టరు కోసినాడని చెప్తామా?"

ఒక పక్క ఒళ్లంతా కోస్తానన్న డాక్టరు, ఇంకో పక్క ముట్టుకోవద్దన్న పాస్టరు. ఇద్దరి మధ్యా బిడ్డ బక్కచిక్కుతున్నాడు. అప్పుడు నేనే టీకాలు వేసే చోట అడిగి, నెల్లూరులో పిల్లల డాక్టరమ్మ ఒకామె ఉందని తెలుసుకున్నాను. మా ఆయన, నేను, బిడ్డను ఎత్తుకోవడానికి మా అత్తగారు, ముగ్గురం వెళ్లాం.

ఆమె మొదట బిడ్డ నోరు చూడలేదు. "పాలియ్యమ్మా, చూస్తాను" అంది. మా ఆయన బయటికి వెళ్లబోతే కూర్చోమంది. నేను పాలిచ్చాను. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుని, వాడి దవడ ఎలా కదులుతోందో చూసింది, చప్పుడు విన్నది. తర్వాత నా ముఖం చూసి అడిగింది.

"నీకు నొప్పి ఎట్ట ఉందమ్మా?"

బిడ్డ పుట్టిన నాటి నుంచి నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. ఏడుపు వచ్చేసింది. మా ఆయన గోడ మీది టీకాల చార్టును చాలా శ్రద్ధగా చదివాడు. మా అత్తగారు మాత్రం నా వీపు మీద చెయ్యి వేసింది.

డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. నాలుక కింద అలాంటి పొర చాలామంది బిడ్డలకు ఉంటుంది, అందరికీ తీయనక్కర్లేదు. మాటల కోసమని ఇప్పుడే కోయడం అనవసరం, మాటలొచ్చే వయసులో ఇబ్బంది ఉంటే అప్పుడు చూసుకోవచ్చు. పెదవినీ బుగ్గనూ అసలు ముట్టుకోవద్దు. ఇప్పుడు చూడాల్సింది ఒక్కటే, పాలు తాగడం. ముందు బిడ్డను పట్టుకునే తీరు మార్చి చూద్దాం, అప్పటికీ కుదరకపోతే చిన్న కత్తెరతో తీయవచ్చు, అదీ ప్రతిసారీ పని చేస్తుందని మాట ఇవ్వలేను అంది. అంతవరకు పాలు పిండి, ఉగ్గుగిన్నెతో పట్టమంది.

"ఇంట్లో ఇంకెవరికైనా ఇట్ట ఉందా?" అని అడిగింది.

మా ఆయన నాలుక బయట పెట్టమంటే పెట్టబోయాడు. అది పెదవి దాటి రాలేదు. కొన మధ్యలో నొక్కుకుపోయి అక్కడే ఆగింది. పెళ్లయి ఇన్నాళ్లు కాపురం చేసి నేను చూడని వింత అది. మనిషికి మాట మాత్రం ఎక్కడా తడబడదు, ముఖ్యంగా నాతో వాదించేటప్పుడు.

"ముగ్గురు పిలకాయలకీ ఇంతే" అంది మా అత్తగారు మెల్లగా. "వాళ్ల నాయనకీ ఇంతే. మా ఇంట్లో నాలికలే ఇంత అనుకున్నా."

అంటే గంటల తరబడి ప్రసంగించే మా మామగారి నాలుక కూడా అదే నాలుక. నత్తి రాలేదు సరే, కాస్త వచ్చినా సంఘానికి మేలు జరిగేది. నేను నవ్వాను. డాక్టరమ్మ కూడా నవ్వింది. మా అత్తగారు నవ్వలేదు.

డాక్టరమ్మ చూపించినట్టే బిడ్డను పట్టుకున్నాను. పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టాం. మొదటిసారి గిన్నె నిండిన రోజు మా అత్తగారు దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. ఇంతలో పక్కింటావిడ వచ్చి, "డబ్బా పాలు మొదలుపెట్టినారా?" అంది. "కాదు, దీని పాలే" అంది మా అత్తగారు. ఆవిడ నమ్మలేదు. తను ఇచ్చిన తీర్పు తనే మార్చుకోవడం ఎవరికైనా కష్టమే.

బిడ్డ బరువు పెరగడం మొదలుపెట్టాడు. నా నొప్పి కొంచెం తగ్గింది, పోలేదు. పుండ్లు మానినట్టే మాని మళ్లీ పగిలేవి. పిండడం, పట్టడం, కడగడం, మళ్లీ పిండడం, ఇదే బతుకైపోయింది. మళ్లీ చూపించుకోవడానికి వెళ్తే డాక్టరమ్మ, "బిడ్డ బాగున్నాడు. ఇక కోయాలా వద్దా అన్నది నువ్వు చెప్పాలి. నీ నొప్పి కూడా కారణమే" అంది.

నా నొప్పి కూడా కారణమే. ఆ మాట ఇంట్లో చెబితే ఎవరికీ అర్థం కాలేదు. బిడ్డ బాగున్నాడు కదా, ఇంకేం కావాలి అన్నారు మా మామగారు. బరువు పెరగడాన్ని ఆయన అప్పటికే ప్రార్థన ఖాతాలో వేసుకున్నారు. మా ఆయన ఇద్దరికీ సరేనని తల ఊపాడు. నేను మాత్రం అప్పటికే తేల్చుకున్నాను. లేత నోట్లో కత్తెర పెట్టించడం వాడి కోసం అయితే నన్ను గొప్ప తల్లి అనేవాళ్లు. నా కోసం పెట్టిస్తున్నాను. నెత్తురు కారకుండా నా బిడ్డకు పాలివ్వాలని నాకు ఆశగా ఉంది, అంతకు మించి కారణం లేదు. ఈ మాట పైకే అన్నాను. మామగారి ముందు ఆ ఇంట్లో నేను గొంతు పెంచింది అప్పుడే.

మా అత్తగారు బిడ్డ సంచి భుజానికి వేసుకుని మా మామగారి వైపు తిరిగింది.

"ఆ నొప్పి మీకు తెలవదులేండి. నేను కోడలితో పోతా ఉండా."

పని నేను భయపడినంత లేదు. ఒక నర్సు బిడ్డ తల పట్టుకుంది, చిన్న కత్తెర, పొర తెగింది, కాస్త నెత్తురు, వాడు కెవ్వుమన్నాడు, వెంటనే నా ఒళ్లో పెట్టారు. రొమ్ము పట్టాడు. అద్భుతం జరిగిందని చెప్పను, నొప్పి ఆ రోజే మాయం కాలేదు, తగ్గడానికి రోజులు పట్టింది. అయితే ఆ టక్కుటక్కు చప్పుడు పోయింది. దాని బదులు గుటక వినిపించింది. గుటక, కాస్త ఆగి ఇంకో గుటక. మా అత్తగారు వంగి ఆ చప్పుడు విన్నది.

"అమ్మా," అని డాక్టరమ్మను అడిగింది, "బిడ్డకి సరిగా తాగడం రాకపోతే తల్లికి పాలు ఇంకిపోతాయా?"

"తాగేకొద్దీ పడతాయమ్మా పాలు. తాగకపోతే మెల్లగా తగ్గిపోతాయి."

"మరి నాకు ముగ్గురికీ రాలా. మా అత్త పోయేదాకా నన్ను వట్టిపోయిన గొడ్డు అనే అన్నింది."

"ఇప్పుడు ఎట్ట చెప్పేదమ్మా? మొదట్లో ఉండే ఉంటాయేమో" అంది డాక్టరమ్మ.

తర్వాత వచ్చిన ఆదివారం మా మామగారు ప్రసంగం మధ్యలో మనవడి నాలుక బంధకం దేవుడు విప్పాడని ప్రకటించారు. కత్తెర ప్రస్తావన రాలేదు, మరిచిపోయి ఉంటారు. సంఘమంతా స్తోత్రం చెప్పింది. "ఇప్పుడు కోడలు సాక్ష్యం చెప్తుంది" అన్నారు. నేను ఒళ్లో బిడ్డకు పాలిస్తూ ఆడవాళ్ల చాపల మీద కూర్చుని ఉన్నాను. బిడ్డను తప్పించి లేవబోతే మా అత్తగారు నా భుజం నొక్కి కూర్చోబెట్టి, తను లేచింది. పాస్టరమ్మగా ఇన్నేళ్లలో ఆమె ఎన్నో పాటలు పాడింది, ఎంతమందికో వండి పెట్టింది. సాక్ష్యం చెప్పడం ఎవరూ చూడలేదు.

కొంగు సర్దుకుని, మగవాళ్ల వైపు కాకుండా మా వైపే తిరిగి చెప్పింది.

"నా రొమ్ముల్లో పాలుండినాయేమో అంట. డాక్టరమ్మ అన్నింది. నా బిడ్డలకే తాగడం రాలేదేమో అంట. మా అత్త ఉంటే ఆమెకి చెప్పేదాన్ని. ఆమె లేదు. అందుకని మీకు చెప్తా ఉండా."

చెప్పి కూర్చుంది. దీనికి స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు, అందరూ మా మామగారి వైపు చూశారు. ఆయన కూడా స్తోత్రం అనలేదు.

నేను అన్నాను.